వాగు పక్క మెరకలో నీరు ఇంకని బంకమట్టి: మందు వేసే ముందు ఆ నీరు ఎటు నుంచి వస్తోందో తేల్చుకోండి

మీరు అడిగింది ఇదీ: వాగు పక్కనే, వరద మట్టానికి పైన చదునుగా ఉన్న భూమి. వరద ఎక్కదు, అయినా వాన పడితే రోజుల తరబడి నీరు నిలుస్తుంది. పైన జానెడు మట్టి ఫరవాలేదు, దాని కింద బూడిద రంగు జిగట బంక, అందులో తుప్పు మచ్చలు. ఈ నేల గుణమేమిటి, ఇసుక తోలితే బాగుపడుతుందా, నేల అడుగున నీరు తీసే గొట్టాలు పాతించాలా?

ఇసుక వద్దు. గొట్టాల సంగతి తర్వాత చూద్దాం. ముందు తేలాల్సింది, నీరు పైన పడి దిగలేక ఆగిందా, కింది నుంచి లేచిందా, పక్క నుంచి ఊరి వచ్చిందా అన్నది. మూడూ పైకి ఒకేలా కనిపిస్తాయి, మూడింటికీ మందు వేరు. తేల్చుకోకుండా ఖర్చు పెట్టినవాళ్ళే ఎక్కువగా నష్టపోతారు. మీ గుంతలోని మట్టి రంగులే దీనికి సగం జవాబు చెబుతాయి.

ముందు ఈ నేల ఎలా తయారైందో చూడాలి, ఎందుకంటే మిగతాదంతా అక్కడి నుంచే వస్తుంది. ఈ మెరక ఒకప్పుడు వాగు వరద పారిన మైదానమే. తర్వాత వాగు తన అడుగును కోసుకుంటూ దిగిపోయింది, పాత మైదానం ఒక మెట్టులా పైన మిగిలిపోయింది. ఆ రోజుల్లో వరద ఒడ్డు దాటగానే వేగం తగ్గి ఇసుకను అంచునే వదిలేసేది. సన్నటి బంక రేణువులు మాత్రం దూరంగా, నీరు కదలక నిలిచిన పల్లాల్లో తీరిగ్గా పేరుకునేవి. అందుకే ఇలాంటి మెట్టు మీద వాగు అంచు వైపు నేల తేలికగానూ, వెనక ఎత్తు వైపు బరువుగానూ ఉంటుంది. వాగుకు దూరంగా ఉన్న భాగమే ఎక్కువ చిత్తడిగా ఉండడానికి ఇదొక కారణం. ఎత్తు నుంచి ఊట కూడా అక్కడే దిగుతుంది, ఇది రెండో కారణం. బంక కింద ఎంతో కొంత లోతులో పాత వాగు గర్భపు ఇసుక, గులకరాళ్ళు తగలవచ్చు. దాని గురించి కింద మళ్ళీ చెబుతాను.

మెట్టు పాతదైతే ఇంకొకటి జరుగుతుంది. వాననీటితో పాటు పై పొరలోని బంక కిందికి జారి రెండో పొరలో చేరుతుంది. పైన ఒండ్రు లాంటి మెత్తని మట్టి, ఒక్కసారిగా కింద గట్టి బంక. ఈ రెంటి నడుమ పాలిపోయిన తెల్లటి సన్నపొర ఒకటి కనిపిస్తే, ఏటా నీరు అక్కడే ఆగి పక్కలకు జరుగుతోందని దాదాపు ఖాయంగా చెప్పవచ్చు.

బంక రేణువు 0.002 మిల్లీమీటరు కన్నా చిన్నది. మట్టి బరువులో అవి 40 శాతం దాటితే దాన్ని బంకమట్టి కిందే లెక్క కడతారు. అందులో ఖాళీలు తక్కువేమీ కాదు, ఘనపరిమాణంలో దాదాపు సగం ఖాళీయే. కానీ ఆ ఖాళీలు అతి సన్నవి కాబట్టి నీటిని పట్టుకుంటాయే తప్ప వదలవు. ఇలాంటి అడుగు పొరలో నీరు గంటకు 1.5 మిల్లీమీటర్లు దిగడమే కష్టం. 50 మిల్లీమీటర్ల వాన ఆ వేగంతో దిగడానికి 33 గంటలు పడుతుంది. గంటకు 0.36 మిల్లీమీటరే దిగే బిగువైన పొర అయితే దాదాపు ఆరు రోజులు. ఆ లోపు మరో వాన పడితే లెక్క మళ్ళీ మొదటికి వస్తుంది. వాలు చూస్తే నూరు మీటర్లకు రెండు మీటర్లు దాటదు, చాలా చోట్ల అందులో సగం కూడా ఉండదు. పారిపోవడానికి వాలు లేదు, ఇంకడానికి దారి లేదు.

నీరు నిండితే వేరుకు వచ్చే ఇబ్బంది తడి వల్ల కాదు, గాలి అందక. నీటిలో ఆక్సిజన్ వ్యాపించే వేగం గాలిలో కన్నా సుమారు పదివేల రెట్లు తక్కువ. నేల వెచ్చగా ఉండి సూక్ష్మజీవులు చురుగ్గా ఉంటే, ఉన్న ఆక్సిజన్ ఒకటి రెండు రోజుల్లోనే అయిపోతుంది. ఆ తర్వాత అవి ఆక్సిజన్ బదులు నైట్రేటును, పిదప మాంగనీసును, ఆపైన ఇనుమును వాడుకుంటాయి. మీరు వేసిన నత్రజని వాయువై పోయేది ఆ నైట్రేటు దశలోనే. ఇనుము కరిగి కదిలిపోయిన చోట మట్టి బూడిద రంగుకు తిరుగుతుంది, అదే ఇనుము గాలి తగిలిన చోట మళ్ళీ పేరుకుంటే తుప్పు మచ్చ అవుతుంది. మచ్చలు ఎక్కడున్నాయో చూస్తే గాలి ఎక్కడ దొరికిందో తెలుస్తుంది, బూడిద రంగు నీరు ఎక్కడ నిలిచిందో చూపిస్తుంది.

ఇప్పుడు గుంత. మీటరు లోతు చాలు. తడి బంకలో గోడలు కూలే ప్రమాదం ఉంది కాబట్టి అంతకన్నా లోతుకు మనిషి దిగవద్దు, మట్టి తోడే బర్మా అయిన ఆగర్‌తో చూడండి. పారతో నున్నగా కోసిన గోడను చూసి ఏ తీర్పూ చెప్పకండి, పార ఒత్తిడికి రంగులన్నీ కలిసిపోతాయి. ప్రతి 15 సెంటీమీటర్ల లోతు నుంచీ పిడికెడు పెళ్ళ తీసి చేత్తో విరవండి. మట్టి చెమ్మగా ఉండాలి, ఎండలో చూడాలి. మట్టి రంగును పోల్చి చూసే మన్సెల్ రంగుల పుస్తకం ఉంటే వాల్యూ (రంగు ఎంత లేతో చెప్పే అంకె) 4 లేక ఎక్కువ, క్రోమా (రంగు ఎంత గాఢమో చెప్పే అంకె) 2 లేక తక్కువ వస్తే అది ఇనుము పోయిన బూడిద రంగు. పుస్తకం లేకపోయినా ఈ తేడాలు కంటికి తెలుస్తాయి.

పెళ్ళ పై ముఖాలు బూడిదగా ఉండి, విరిస్తే లోపల గోధుమ రంగు ఉంటే, నీరు పైనుంచి వచ్చి నెర్రెల్లో నిలిచింది. పెళ్ళ లోపల గాలి చిక్కుకుని ఉండిపోయింది. ఇది పైన ఆగిన నీరు. దీనికి తిరగబడి, పెళ్ళ మొత్తం బూడిదగా ఉండి, పాత వేరు కన్నాల వెంట మాత్రం తుప్పు గీతలు ఉంటే, నేల కింది నుంచి నిండింది. గాలి కన్నాల గుండా మాత్రమే లోపలికి దిగగలిగింది. ఇది భూగర్భజలం. లోతుకు పోయేకొద్దీ బూడిద రంగు పెరిగితే ఈ రెండో మాటకు బలం. మధ్యలో 30 నుంచి 70 సెంటీమీటర్ల మేర బూడిదగా ఉండి ఇంకా కింద గోధుమ రంగు తిరిగి కనిపిస్తే మొదటి మాటకు బలం. ఇక గుంత గోడలో ఎత్తు వైపు ముఖం నుంచి ఒకే గీత వెంట నీరు కారుతుంటే, అది పక్క ఊట. జాలు అనేది అదే.

మెట్టు నేలల్లో ఒక మోసం ఉంది. ఈ నేల మైదానంగా ఉన్న కాలంలో ఏర్పడిన మచ్చలు, వాగు దిగిపోయి నేల ఆరాక కూడా అలాగే మిగిలిపోతాయి. మచ్చ అంచు చుట్టూ రంగు మెల్లగా పలచబడితే అది ఇప్పటికీ జరుగుతున్న పని. అంచు కత్తిరించినట్టు స్పష్టంగా ఉండి, గుళికలు గట్టిగా గుండ్రంగా ఉంటే పాతవి అయ్యే అవకాశం ఎక్కువ. నల్లటి చిన్న గుళికలు మాంగనీసు, ఇనుము కలిసినవి, వాటిని మాత్రమే చూసి నిర్ణయానికి రావద్దు. పైన మొలిచే కలుపు కూడా చూడండి. తుంగ ఒక్కటే ఉంటే పెద్ద సాక్ష్యం కాదు, జమ్ము తనంత తాను నిలదొక్కుకుందంటే నీరు నెలల తరబడి పైనే ఉంటోంది.

రంగులు చెప్పిన మాటను నీటిమట్టం కొలిచే గొట్టాలతో సరిచూసుకోవాలి. 2 నుంచి 3 సెంటీమీటర్ల పీవీసీ గొట్టాలు రెండు తీసుకోండి. ఒకటి 40 సెంటీమీటర్ల లోతుకు, అంటే బంక పొర పైభాగానికి. రెండోది 1.5 మీటర్ల లోతుకు. రెండింటికీ అడుగున 15 సెంటీమీటర్ల మేర మాత్రమే చీలికలు కోసి, ఆ భాగం చుట్టూ ముతక ఇసుక పోసి, పైన బెంటొనైట్ (తడిస్తే ఉబ్బే బంక) గుళికలతో గట్టిగా మూసెయ్యాలి. మూత పెట్టి, వానల కాలమంతా వారానికోసారి, పెద్ద వాన పడిన మర్నాడూ నీటిమట్టం కొలవండి. పొట్టి గొట్టంలో నీరుండి పొడుగు గొట్టం ఖాళీగా ఉంటే, లేదా అందులో మట్టం బాగా కిందుంటే, నీరు పైన ఆగింది. రెండింట్లో మట్టం ఒకటే అయితే భూగర్భజలమే అంతవరకు వచ్చింది. పొడుగు గొట్టంలో మట్టం పొట్టిదాని కన్నా పైకి లేస్తే కింది నుంచి ఒత్తిడి ఉందని అర్థం. చాలామంది ఒకే గొట్టానికి నిలువునా కన్నాలు పెడతారు. అప్పుడు పైనీరు ఆ గొట్టం గుండానే కిందికి దిగిపోతుంది, కొలత రెండు పొరలనూ కలిపేసి ఏమీ చెప్పకుండా పోతుంది. బంకలో మట్టం సర్దుకోవడానికి సమయం పడుతుంది కాబట్టి పాతిన మొదటి వారం కొలతలు వదిలెయ్యండి.

గుంతలో నీళ్ళు పోసి ఎంతసేపట్లో దిగుతుందో చూసే పరీక్ష ఇక్కడ తరచూ తప్పుతుంది. తవ్వేటప్పుడు గోడలు నున్నగా మెత్తుకుని కన్నాలు మూసుకుంటాయి. చెయ్యాలంటే గోడల్ని మేకుతో గీకి, ఒక రాత్రి నీటితో నాననిచ్చి, మర్నాడు మళ్ళీ నింపి కొలవాలి. ఎండాకాలంలో నెర్రెలు తెరుచుకున్నప్పుడు చేస్తే నీరు గడగడా దిగిపోతుంది, ఆ అంకె నమ్మితే మునిగినట్టే.

చేతి పరీక్షలు రెండు తప్పకుండా చేయండి. తడి మట్టిని బొటనవేలు, చూపుడువేలు నడుమ నొక్కుతూ నాడాలా పొడిగించండి, 5 సెంటీమీటర్లు దాటినా తెగకపోతే బంక. రెండోది, వేరుశనగ గింజంత పొడి గడ్డను గ్లాసుడు వాననీటిలో కదపకుండా వేసి రెండు గంటల తర్వాత, మర్నాడు చూడండి. గడ్డ చితికి పొడి అయినా నీరు తేటగా ఉంటే ఫరవాలేదు. గడ్డ చుట్టూ పాలు కలిపినట్టు తెల్లని మసక కమ్మితే సోడియం ఎక్కువైన మట్టి, అంటే చౌడు గుణం. జిప్సం పనిచేసేది ఈ రెండో మట్టికే. నూరు గ్రాముల మట్టిలో తొలగించాల్సిన ప్రతి మిల్లీఈక్వివలెంట్ (ప్రయోగశాల నివేదికలో వాడే కొలమానం) సోడియానికీ, 15 సెంటీమీటర్ల లోతుకు, హెక్టారుకు సుమారు 1.7 టన్నుల జిప్సం లెక్క. ఎంత తొలగించాలో ప్రయోగశాల పరీక్షే చెప్పాలి. జిప్సం విడిపించిన సోడియం నీటితో బయటికి పోవాలి, కాబట్టి మురుగు పోయే దారి లేకుండా జిప్సం వేస్తే డబ్బు నేలలో కలిసినట్టే. మసక రాని మట్టికి జిప్సం వల్ల నీరు పారే తీరులో చెప్పుకోదగ్గ మార్పు రాదు.

ఇసుక ఎందుకు వద్దన్నానో లెక్క చూడండి. ఒక హెక్టారులో 15 సెంటీమీటర్ల పొర బరువు సుమారు 2,000 టన్నులు. అందులో 40 శాతం ఉన్న బంకను 20 శాతానికి దించాలంటే మరో 2,000 టన్నుల ఇసుక కావాలి. పది, ఇరవై లారీలు తోలితే ఇసుక గింజలు బంకలో ఇరుక్కుని నేల ఇంకా బిగుసుకుంటుంది. ఒకవేళ పై పొర బాగుపడినా, నీటిని ఆపుతున్నది దాని కింది పొర. సేంద్రియ ఎరువు సంగతి వేరు, అది పై పొర పెళ్ళల్ని గుల్ల చేసి నిలబెడుతుంది, ఏటా వేయదగ్గది. అడుగు పొరకు మాత్రం అది కూడా మందు కాదు.

ఇక మందులు. పైన ఆగిన నీరైతే ఉపరితలం మీదే పని చేయాలి. నేల చదును చేసేటప్పుడు నూరు మీటర్లకు 10 నుంచి 20 సెంటీమీటర్ల నికరమైన వాలు ఇవ్వండి. 5 సెంటీమీటర్ల గుంట కూడా ఈ మట్టిలో వారం రోజుల మడుగు, కాబట్టి లెవెల్ యంత్రంతో చూడనిదే చదును అయిందనుకోవద్దు. ఆ వాలు చివర 30 సెంటీమీటర్ల లోతున, ట్రాక్టరు దాటగలిగేలా పక్కలు నిట్రంగా కాక మెల్లగా వాలి ఉన్న వెడల్పాటి కాలువ. పంట 20 నుంచి 30 సెంటీమీటర్ల ఎత్తు మడుల మీద, బోదెలు వాలు వెంట. బోదెల చివరలు కాలువలోకి తెరిచి ఉన్నాయా అన్నదే నేను మొదట చూస్తాను. యంత్రం మలుపు తిరిగేచోట పడిన మట్టి గట్టు చివరలను మూసేస్తుంది, పొలమంతా చేసిన పని అక్కడ ఆగిపోతుంది.

దానితో సరిపోకపోతే మోల్ డ్రెయిన్లు. గొట్టం లేకుండా, తూటా ఆకారపు ఇనుప మొనను బంకలో లాగి చేసే సొరంగాలివి. 45 నుంచి 60 సెంటీమీటర్ల లోతు, 2 నుంచి 3 మీటర్ల ఎడం. అడుగు పొరలో కనీసం 30 నుంచి 35 శాతం బంక ఉండాలి. లాగే రోజున ఆ లోతులో మట్టి ముద్దగా సాగాలి, పై పొర ఆరి ఉండాలి. అడుగు మరీ తడిస్తే సొరంగం మూసుకుపోతుంది, మరీ ఎండితే గోడ నిలవక రాలిపోతుంది. మెట్టు నేలల్లో ఉన్న అసలు చిక్కు బంక నడుమ దాగిన ఇసుక పాయలు, సొరంగం కూలేది అక్కడే. ముందుగా ఆ లోతు మట్టిని బంతిగా చేసి ఒక రాత్రి నీటిలో ఉంచండి, చెదిరిపోతే ఈ పద్ధతి మీ నేలకు నిలవదు. నిలిచే మట్టిలో ఐదు నుంచి పదేళ్ళు వస్తాయి, ఆ తర్వాత మళ్ళీ లాగాలి.

కన్నాలున్న గొట్టాలు ఈ నేలలో ఒంటరిగా ఫలితమివ్వవు. 20, 30 మీటర్ల ఎడంతో వేస్తే నడుమ భాగం ఎప్పటిలాగే ఉంటుంది. 10 మీటర్ల ఎడానికి దించితే ఖర్చు పెరుగుతుంది. వేసేటట్లయితే గొట్టం పైన కందకాన్ని దుక్కి పొర దాకా కంకరతో నింపి, దాన్ని అడ్డంగా కోస్తూ మోల్ డ్రెయిన్లు లాగండి, నీరు సొరంగంలోంచి కంకరలోకి, అక్కడి నుంచి గొట్టంలోకి పోతుంది. కందకాన్ని తవ్విన బంకతోనే పూడ్చడమే ఎక్కువ గొట్టాలు పనిచేయకపోవడానికి కారణం. నీరు గొట్టం దాకా వస్తేగా!

పక్క ఊటైతే మీరు అదృష్టవంతులు. మెట్టు వెనక, ఎత్తు మొదలయ్యే చోట, ఊట వచ్చే దిశకు అడ్డంగా ఒకే ఒక్క కందకం చాలా సార్లు పొలమంతటినీ ఆరబెడుతుంది. అది ఊట కారే పొరను పూర్తిగా కోసి, కింది గట్టి బంకలో కొంత దిగాలి. అడుగున గొట్టం, పైదాకా కంకర. ఊట పొరకు ఒక జానెడు పైన ఆపేస్తే నీరు కింద నుంచి యథాతథంగా వెళ్ళిపోతుంది.

భూగర్భజలమే అయితే ముందు వాగులో నీటిమట్టం చూడండి. వానల కాలంలో వాగు మామూలుగా ఉండే మట్టానికి కనీసం 30 సెంటీమీటర్లు పైన మీ కాలువ నోరు పెట్టగలిగితేనే లోతు కాలువ ఆలోచించండి, లేకపోతే వాగు నీరే వెనక్కి వస్తుంది. ఇలాంటి చోట ఇనుము కరిగిన నీరు గొట్టంలో గాలి తగిలి నారింజ రంగు జిగురుగా మారి కన్నాలను పూడ్చేస్తుంది, కడిగే ఏర్పాటు లేకుండా వేయవద్దు. నిజం చెప్పాలంటే ఈ నేలను ఆరబెట్టడం కన్నా వరికో, పశుగ్రాసానికో, తడిని ఓర్చే ఏరుమద్ది, నేరేడు, కానుగ లాంటి చెట్లకో వదలడమే నాకు ఇష్టం. చిత్తడి నేలల్లో కాలువ తవ్వడానికి అనుమతి కావాల్సిన చోట్లు చాలా ఉన్నాయి, ఆ విచారణ ముందే చేసుకోండి.

అడుగున గులకరాళ్ళ పొర ఉందని తెలిసి బంకకు బొక్క పెట్టి నీటిని అందులోకి వదలాలన్న ఆలోచన చాలామందికి వస్తుంది. బొక్క త్వరలో ఒండ్రుతో పూడుకుంటుంది, ఎరువులూ పురుగుమందులూ నేరుగా బావి నీటిలో కలుస్తాయి. పొడుగు గొట్టంలో మట్టం పైకి లేచిన నేలైతే నీరు దిగకపోగా ఎగదన్నుతుంది. కుంట తవ్వడానికి మాత్రం ఈ మట్టి చాలా మంచిది, గులక పొర తగలకుండా అడుగున కనీసం 60 సెంటీమీటర్ల బంక వదిలితే చాలు.

సేద్యంలో పదునుకు, అంటే దున్నడానికి తగిన చెమ్మకు, మించినది లేదు. దున్నే లోతు నుంచి మట్టి తీసి అరచేతుల మధ్య దారంలా చుట్టండి. 3 మిల్లీమీటర్ల మందానికి వచ్చినా తెగకపోతే ఇంకా తడి ఎక్కువ, పొలంలోకి యంత్రం దింపవద్దు. పైన ఆరినట్టు కనిపించడం ఇక్కడ లెక్కలోకి రాదు. తడిలో తిరిగిన బరువైన యంత్రం అడుగు పొరను అణిచేస్తే, సాంద్రత ఘన సెంటీమీటరుకు 1.47 గ్రాములు దాటాక బంకలో వేరు దిగదు. తడిగా ఉండగా లోతు దుక్కి నాగలి లాగితే పగలడానికి బదులు మెత్తుకుపోతుంది. నత్రజని ఒకే దఫాలో కాక విడతలుగా, నైట్రేటు రూపంలో కాక అమ్మోనియం రూపంలో ఇవ్వండి. సున్నం అవసరమైతే ఇసుక నేల కన్నా ఎక్కువ పడుతుంది, పీహెచ్ (ఆమ్ల, క్షార గుణం చెప్పే) అంకె ఒక్కటే చూసి మోతాదు వేయవద్దు.

చెట్లు నాటేటప్పుడు లోతు గుంత తవ్వి మంచి మట్టితో నింపడం ఈ నేలలో మొక్కను తొట్టిలో ముంచడమే. చుట్టూ బంక, లోపల గుల్ల మట్టి, నీరంతా అందులోకే చేరుతుంది. 30 నుంచి 45 సెంటీమీటర్ల ఎత్తు దిబ్బ పోసి దాని మీద నాటండి. వానల్లో వేర్లు పైనే ఉండిపోతాయి కాబట్టి ఎండ మొదలైన తొలి వారాల్లోనే మొక్క వాడుతుంది. అడుగున తడి ఉన్నా సగానికి మించి బంక గుప్పిట్లోనే ఉంటుంది, వేరు లాగలేదు. ముంచే నేల అని నీరు పెట్టడం మానకండి.

ఇంటి ఆలోచన ఉంటే ఒక్క మాట: సెప్టిక్ ట్యాంకు నీరు ఇంకే గుంత ఇక్కడ పనిచేయదు, వానల్లో మురుగు పైకి వస్తుంది. ఎండకు నెర్రెలు బారి వానకు ఉబ్బే మట్టి అయితే పునాది లోతు మట్టి పరీక్ష చేసిన ఇంజనీరే చెప్పాలి.

విరిచిన పెళ్ళల ఫొటోలు లోతుల వారీగా, రెండు గొట్టాల కొలతలు, ఎత్తు వైపు అంచు నుంచి తడి మొదలయ్యే చోటుకు ఎంత దూరమో ఇక్కడ పెట్టండి. కందకం ఎక్కడ పడాలో వాటిని బట్టి చెప్పవచ్చు.